రష్యా కెమెరాకి దిష్టి చుక్క

మొన్న మనవరాలి పెళ్ళి బట్టల కోసం ఇంటిల్లిపాదీ మా రాయపూర్ పండరీ బట్టల బజారుకి బయల్దేరుతూ, నన్ను ఒక్కణ్ణే వదిలేస్తే పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతాననుకున్నారు కాబోలు, నన్నూ ఆటోలో కుక్కి తీసుకెళ్ళారు. ఒక కొట్లో చీరల బేరం సాగుతున్నంతసేపూ నేను బయట మెట్ల మీద నిలబడి, అద్దాల వెనక పెట్టిన అలంకారాలు చూస్తూ కాలక్షేపం చేస్తున్నాను. పట్టుచీర కట్టిన ప్లాస్టిక్ బొమ్మ కాళ్ళ దగ్గర, తుప్పు పట్టిన ఇస్త్రీపెట్టె పక్కన, ఒక పాత కెమెరా కనబడింది. ముందువైపు రెండు కిటికీలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నడుమ బుడిపెలా పొడుచుకొచ్చిన లెన్సు. పైన గుండ్రటి బిళ్ళలు. యాభై ఏళ్ళ కిందటి చుట్టం ఎదురైనట్టు నా గుండె ఎగిసిపడింది. మరుక్షణమే మండింది కూడా. ఎందుకంటే పడమటి ఎండ సూటిగా ఆ లెన్సులోకి కొడుతోంది, దానికి మూత లేదు.

గబగబా లోపలికి వెళ్ళి మేనేజరుతో, మూతైనా పెట్టండి, గోడవైపైనా తిప్పండి, లోపలి తెర కాలిపోతుంది అని వచ్చిన హిందీలో మొత్తుకున్నాను. అతను మర్యాదస్తుడే, నవ్వి, "బాబా, ఏ చల్తా నహీ, షో కే లియే హై" అన్నాడు. పనిచేయదట, అలంకారానికి పెట్టారట. పనిచేయదని ఎవడు చెప్పాడు? బిళ్ళ తిప్పి చూశారా, కిటికీలో కన్ను పెట్టి చూశారా? ఊపిరితో ఉన్నదాన్ని తెచ్చి ఇస్త్రీపెట్టె పక్కన పడుకోబెట్టి, పనిచేయదు అని తీర్మానించేయడం ఈ కాలానికి అలవాటైపోయింది. మా కోడలు నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది గానీ, లేకపోతే ఆ రోజు అక్కడ పెద్ద ఉపన్యాసమే అయ్యేది. ఆ మిగిలిపోయిన ఉపన్యాసమే ఇది. నా వయసువాళ్ళకి అర్థమవుతుందని నమ్మకం.

మా నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాను. మా బావ, అంటే మా పెద్దక్క మొగుడు, భిలాయి ఉక్కు కర్మాగారంలో రష్యా ఇంజనీర్ల మాటలు మనవాళ్ళకీ, మనవాళ్ళ మాటలు వాళ్ళకీ చెప్పే ఉద్యోగంలో ఉండేవాడు. డెబ్భైల మొదట్లో, ఒక ఇంజనీరు దేశం తిరిగి వెళ్ళిపోతూ, మెడలో ఉన్న కెమెరా తీసి మా బావ మెడలో వేసి వెళ్ళాడు. గోధుమరంగు తోలు తొడుగు, దానికి టక్కుమని మూసుకునే ఇత్తడి బొత్తాం. ఆదివారాల్లో బావ భిలాయి నుంచి పాసింజరులో దిగి, ఆ తొడుగు ఊపుకుంటూ మా క్వార్టరు గుమ్మంలోకి వస్తుంటే, అమ్మ కన్నా ముందు నేనే ఎదురెళ్ళేవాణ్ణి.

మొదటిసారి దాని వెనక కిటికీలో కన్ను పెట్టిన ఆ ఉదయం నేను చచ్చేదాకా మరిచిపోను. వీధిలో ఎదురుగా కుళాయి గొట్టం ఉండేది. కిటికీ మధ్యలో లేత పసుపురంగు చిన్న గుండ్రం, అందులో ఆ గొట్టం రెండుగా కనిపించింది. ఒకటి నికరంగా, ఒకటి దెయ్యంలా పలచగా, పక్కకి జరిగి. బావ నా వేలు పట్టి లెన్సు చుట్టూ ఉన్న వలయాన్ని మెల్లగా తిప్పించాడు. దెయ్యం గొట్టం నడక మొదలుపెట్టింది. వచ్చింది, వచ్చింది, అసలు గొట్టంలో దూరి మాయమైపోయింది. రెండూ ఒకటయ్యాయి. కుళాయి దగ్గరికి వెళ్ళకుండా, టేపు పట్టకుండా, ఇక్కణ్ణించి దానికి ఎన్ని అడుగులో ఈ డబ్బా కొలిచి చెప్పేసిందన్నమాట. ఆ రోజు నేను కుళాయినీ, కుక్కనీ, ఎదురింటి మేకనీ, పప్పు రుబ్బుతున్న మా అమ్మనీ ఎంతసేపు కలిపానంటే, భోజనానికి బావే నా జుట్టు పట్టుకుని లేవదీయాల్సొచ్చింది.

ఇది ఎలా జరుగుతుందని అడిగితే స్టేషను రోడ్డు స్టూడియో ఆసామి, నువ్వెంతవరకు చదివావని ఎదురడిగాడు. ఆ అవమానంతోనే పాతకాగితాల రద్దీ కొట్లో, తూకానికి అమ్మే పుస్తకాల్లో వెతికి, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాటే తెలుసుకున్నాను. ఆ రెండు కిటికీలూ మన రెండు కళ్ళు. పెద్ద కిటికీ వెనక సగం వెలుతురుని పోనిచ్చి సగాన్ని తిప్పికొట్టే అద్దం ఉంటుంది. చిన్న కిటికీ వెనక వెంట్రుకవాసి కదిలే మరో గాజుముక్క ఉంటుంది. లెన్సు తిప్పితే దాని వెనకున్న చిన్న ఇనప చెయ్యి కదిలి, ఆ గాజుముక్కని తిప్పుతుంది. ఎంత తిరిగిందో అంత దూరం. పాదరసం లేదు, బ్యాటరీ లేదు, ఒక ముక్కోణపు లెక్క మాత్రం జేబులో పట్టేలా చేసి పెట్టారు. రోజంతా వ్యాగన్ల చక్రాలకి గేజి పెట్టి చూసే నాకు అది చేసినవాడి మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

ఇంకొక్క సంగతి చెప్పాలి, కథంతా దాని మీదే నడుస్తుంది. తర్వాత వచ్చిన అద్దం కెమెరాల్లో లెన్సులోంచే చూస్తాం. ఈ రకంలో అలా కాదు. మనం చూసే కిటికీ వేరు, బొమ్మ లోపలికి వెళ్ళే దారి వేరు. లెన్సుకీ ఫిల్ముకీ మధ్య అడ్డంగా అద్దమేమీ ఉండదు, రబ్బరు పూసిన పలచటి నల్లగుడ్డ తెర ఒకటే ఉంటుంది. అందుకే మీట నొక్కితే అంత చిన్నగా, గుసగుసలా చప్పుడవుతుంది. అందుకే అది ఎండకి అంత భయపడాలి కూడా.

అక్కకి ఏడో నెలలో బావకి బొకారో బదిలీ అయింది, తొమ్మిది నెలలకని. తొలి కాన్పు కదా, అక్కని మా ఇంట్లో దింపి, కెమెరా తీసి నా చేతుల్లో పెట్టాడు. బిడ్డ పుట్టాక అన్నప్రాశనకి గాని తను రాలేడు, అందాకా నెలనెలా ఫొటో తీసి పోస్టులో పంపాలి. "ఏవోయ్ బామ్మర్దీ, నా బిడ్డ మొహం నేను నీ చేత్తోనే చూడాలి" అన్నాడు. మూడు జాగ్రత్తలు చెప్పాడు. పైన బిళ్ళ తిప్పి తెర బిగించకుండా వేగం మార్చకు. తీసేటప్పుడు మూత తియ్యడం మరిచిపోకు. తీశాక పెట్టడం మరిచిపోకు. ఇందులో రెండోది నన్ను మూడోదాంట్లోకి తోసింది.

ఆ వేసవిలో వర్క్‌షాపువాళ్ళం మహాదేవ్ ఘాట్‌కి వన భోజనానికి పోయాం. బిడ్డ కోసం వేసిన రీలే కెమెరాలో ఉంది, ముప్ఫై ఆరింటిలో నాలుగు తీస్తే ఏం పోతుందని తీసుకెళ్ళాను. ఖారూన్ నదిలో దూకుతున్నవాళ్ళని ఒకటి, రెండు, మూడు బొమ్మలు లాగించేశాను. కిటికీలో అంతా దివ్యంగా కనిపిస్తోంది మరి. నాతో పనిచేసే ఛత్తీస్‌గఢీ మిత్రుడు నా ముందుకొచ్చి వంగి చూసి, "ఏఖర్ ఆంఖీ మ తో పట్టీ బంధాయ్ హే గా" అన్నాడు. దీని కళ్ళకి గంతలు కట్టి ఉన్నాయిరా అని. మూత తీయలేదు. ఘాటు ఘాటంతా నవ్వింది. ఆ సిగ్గుతో మూత పీకి చొక్కా జేబులో వేసి, జేబుకి బొత్తాం పెట్టేశాను, మళ్ళీ ఈ జన్మలో మూతతో బొమ్మ తీయనని. ఆ తర్వాత ఓ అయిదు బొమ్మలు తీసి, ఇంకోదానికి బిళ్ళ తిప్పి సిద్ధంగా ఉంచి, ఇంతలో అన్నం పిలుపు వస్తే, కెమెరాని రాతిమెట్టు మీద వెల్లకిలా పడుకోబెట్టి వెళ్ళాను. నడినెత్తిన వైశాఖమాసపు సూర్యుడు. మేం పెరుగన్నం దాకా తీరిగ్గానే తిన్నాం.

వారానికి అక్కకి ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసింది మా పక్క క్వార్టరులో ఉండే నర్సు అత్త. గుంటూరు వైపు క్రైస్తవుల కుటుంబం, రైల్వే ఆసుపత్రిలో ఉద్యోగం. మా అమ్మని వదినగారూ అని పిలిచేది గనక నాకు అత్త అయింది. రోజూ డ్యూటీకి వెళ్ళే ముందు వచ్చి, బిడ్డ బొడ్డు చూసి, ఒళ్ళు చూసి, కాఫీ తాగి వెళ్ళేది. బారసాల నాడు వరండాలో బిడ్డని తీస్తున్నాను. మా అమ్మకి అసలు ఇష్టం లేదు, ఏడాది నిండని పిల్లని ఫొటో తీస్తే దిష్టి తగులుతుందని ఆవిడ నమ్మకం. అక్క బతిమాలితే, బుగ్గ మీద రూపాయిబిళ్ళంత కాటుక చుక్క పెట్టి ఒప్పుకుంది. నేను కెమెరా సిద్ధం చేసుకుని, పిల్ల ఎప్పుడు కళ్ళు తెరుస్తుందా అని వేచి వేచి తీశాను. పక్కన నిలబడ్డ నర్సు అత్త మురిసిపోయి, "ఎంత చక్కగా ఉందో వదినగారూ, నా దిష్టే తగిలేట్టుంది" అంది. అందరం నవ్వాం, మా అమ్మ కూడా.

స్టూడియో నుంచి ఫొటోలు వచ్చాయి. పిల్లవి ఆరు. ఆరింటిలోనూ ఒకేచోట తెల్లటి చుక్క. ఇక అన్నిటికన్నా దగ్గరగా తీసినదాంట్లో ఆ తెల్ల చుక్క సరిగ్గా బుగ్గ మీద, కాటుక చుక్క ఉండాల్సిన చోటే పడింది. నల్ల చుక్క పోయి తెల్ల చుక్క ఉంది. మా అమ్మ ఆ ఫొటోని గబుక్కున బోర్లించేసింది. "ఓలమ్మ, దిష్టి సుక్కనే మింగేసినాదర్రా" అంది. స్టూడియో ఆసామిని అడిగితే ఫిల్ములోనే దాగ్, అంటే మరక ఉందని కొట్టిపారేశాడు. అమ్మ ఆ మాట వినలేదు. నా దిష్టే తగిలేట్టుంది అన్న నోరు ఆవిడకి అప్పటికే గుర్తొచ్చేసింది. మర్నాటి నుంచి నర్సు అత్త వచ్చే వేళకి మా తలుపు మూసి ఉండేది. పిల్ల పడుకుంది అని లోపలి నుంచే జవాబు. ఇక ఫొటో అనే మాట ఇంట్లో ఎత్తకూడదు. అక్క ఒక పక్క ఏడుపు, బొకారో నుంచి కార్డు మీద కార్డు, ఫొటో ఏదీ ఫొటో ఏదీ అని.

నాకు నిద్ర పట్టలేదంటే పుస్తకాల మాటలా ఉంటుంది గానీ, పని మీద మనసు నిలవలేదన్నది నిజం. స్టూడియో కవరులో నెగటివ్ చుట్ట అలాగే పడి ఉంది. ఒక మధ్యాహ్నం దాన్ని విప్పి కిటికీ ముందు నిలువుగా పట్టుకున్నాను. మొదటి మూడూ ఖాళీ, గాజులా ఉన్నాయి. మూత మహిమ. తర్వాత అయిదూ శుభ్రం, నదీ, మిత్రులూ. ఆ తర్వాత బొమ్మలో ఒక మాడిన మచ్చ. అక్కణ్ణించి చివరిదాకా ప్రతి బొమ్మలోనూ చుక్క. ఫిల్ములో దాగ్ అయితే మొదటి నుంచీ ఉండాలి కదా? ఇంకా దగ్గరగా చూశాను. పిల్ల ఏడుస్తుంటే నేను చాలాసేపు ఆగి తీసిన బొమ్మలో చుక్క పెద్దది. చటుక్కున తీసినదాంట్లో ఆవగింజంత. అంటే మీట నొక్కినప్పుడు కాదు, నొక్కక ముందు, నేను కాచుకుని ఉన్నంతసేపూ ఎక్కణ్ణించో వెలుతురు కారుతోంది. కెమెరా వెనక మూత ఊడదీసి, బిళ్ళ తిప్పి తెరని నిలబెట్టి, లెన్సుని ఆకాశం వైపు పట్టుకుని వెనకనుంచి చూశాను. నల్లటి తెరలో ఒక నక్షత్రం.

సూర్యుడు భూతద్దంలో కాగితాన్ని కాల్చినట్టు, ఘాటు మెట్ల మీద నా కెమెరా తెరని కాల్చాడు. సూదిమొనంత కన్నం. చూసే కిటికీ వేరు కాబట్టి నాకు తెలియలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు భయం కన్నా ముందు సంతోషం కలిగింది. ఎనిమిదో తరగతివాడు స్టూడియోవాడికి తెలియనిది పట్టుకున్నాడు అని ఎగిరి గంతేశాను. భయం ఆ తర్వాత వచ్చింది. బావకి ఏం చెప్పను? చెప్పకుండా బాగు చేసేస్తే? అలా అనుకుని అయిదు రోజులు నోరు మూసుకున్నాను. ఆ అయిదు రోజుల్లోనే ఒకనాడు కుళాయి దగ్గర నర్సు అత్త బిందె దించి నన్నడిగింది.

"ఏరా అబ్బాయ్, మీ అమ్మకి నా మీద కోపమొచ్చిందా? నేనేమన్నా అనకూడని మాటన్నానంటావా?"

అదేం లేదత్తా అన్నాను. ఆవిడ నమ్మినట్టే తల ఊపి, బిందె ఎత్తుకుని, మా గుమ్మం ముందు నుంచి కాక చుట్టూ తిరిగి వాళ్ళింటికి వెళ్ళింది. పురుడు పోసిన మనిషి, మా గుమ్మం తప్పించుకుని నడుస్తోంది. ఆ వీపు చూశాక ఇక ఆగలేకపోయాను. ఇంట్లోకి వెళ్ళి, బియ్యం ఏరుతున్న అమ్మ ముందు కూర్చుని, కెమెరా వెనక తెరిచి, ఆకాశం వైపు పట్టుకుని ఆవిడ కంటి దగ్గర పెట్టాను.

"పట్టపగలు సుక్క అవుపడతందేటిరా?" అంది అమ్మ.

అది దిష్టి కాదనీ, నేను చేసిన కన్నమనీ, పిల్ల మీద పడిన తెల్ల చుక్క అదేననీ చెప్పాను. ఆవిడ ఆ నక్షత్రం మీంచి కన్ను తీసి నా వైపు తిరిగింది.

"నీకు ఎన్నాళ్ళయి తెలుసు?"

"అయిదు రోజులు."

"అయిదు రోజులు నోట్లో ఏటెట్టుకున్నావురా? ఆ మడిసి మొకం మీద నాను తలుపేస్తంటే, గుమ్మంలో నిలబడి సూస్తన్నావు కదరా." కొట్టినా బాగుండేది. చేట పక్కన పెట్టి, ఇప్పుడు దీనికేటి మందు అని అడిగింది.

మందు నా తలలో సిద్ధంగానే ఉంది. తెర రబ్బరు పూసిన గుడ్డే కాబట్టి, సైకిలు పంక్చరు వేసే సొల్యూషన్ అతుక్కుంటుంది, వంగినా పగలదు. కానీ అది వెలుతురుని ఆపదు, దాన్లో నల్లటిదేదో కలవాలి. నూనె లేని పొడి మసి కావాలి అన్నాను. మా అమ్మ పిల్ల కాటుకకి పెట్టినట్టే ఆముదం దీపం వెలిగించి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించింది. పట్టిన మసిని నెయ్యి కలపకుండా కాగితంలోకి గీకి ఇచ్చింది. సొల్యూషన్‌ని రెండు చుక్కల పెట్రోలుతో పలచన చేసి, మసి కలిపి, చీపురుపుల్ల కొసతో ఊపిరి బిగబట్టి ఒక్క చుక్క పెట్టాను. మా అమ్మ నా భుజం మీంచి వంగి చూస్తూ, "దానిక్కూడా సుక్క ఎట్టేసినావు, ఇంక సాల్లే" అంది. మర్నాడు ఆరాక ఆకాశం వైపు పట్టి చూస్తే చీకటి, ఎంత హాయైన చీకటి. నక్షత్రం ఆరిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ పిల్లనెత్తుకుని, చెంగు సర్దుకుని, నన్ను కెమెరాతో వెంట రమ్మని, నేరుగా నర్సు అత్త క్వార్టరుకి నడిచింది. క్షమించమని అడగడం మా అమ్మకి చేతకాదు. తలుపు తీసిన ఆవిడ చేతుల్లో పిల్లని పెట్టేసి, "నువ్వెత్తుకో. పొటో తీత్తాడంట" అంది.

నర్సు అత్త కళ్ళలో నీళ్ళున్నాయి గానీ, నోరు ఊరుకోలేదు. "నా దిష్టి తగల్దా వదినగారూ?"

"తగల్దు. పిల్లకీ ఎట్టినాను, ఆ డబ్బాకీ ఎట్టినాను. నీకూ ఎట్టమంటావేటి?"

ఇద్దరూ నవ్వేశారు. ఆ నవ్వు మీద పసుపు గుండ్రంలో ఇద్దరు నర్సు అత్తలు కనిపించారు నాకు. వలయం తిప్పాను. ఒకావిడ నడిచి వచ్చి ఇంకొకావిడలో కలిసిపోయింది. మీట నొక్కాను. ఆ బొమ్మలో తెల్ల చుక్క లేదు. పిల్ల బుగ్గ మీద కాటుక నల్లగా, నిక్షేపంగా ఉంది. బొకారోలో మా బావ తన కూతురి మొహం మొదట చూసింది నర్సు అత్త చేతుల్లోనే.

అన్నప్రాశనకి ఆయన దిగగానే, చెప్పులు విడవకముందే జరిగిందంతా చెప్పేశాను, మళ్ళీ నోట్లో ఏమీ పెట్టుకోదలచుకోలేదు. బావ కెమెరా వెనక తెరిచి, తెర మీద మెరుస్తున్న నా నల్ల చుక్కని గోటితో తడిమి చూశాడు. "రష్యావాడు ఇన్ని మరలు బిగించాడు గానీ, ఇదొక్కటి పెట్టడం మరిచిపోయాడోయ్" అన్నాడు. ఆ పైన, మూత ఏదీ అని అడిగి, దానికి కన్నం వేయించి, తోలు పటకాకి దారంతో కట్టించాడు. ఆ కెమెరా ఇప్పుడు ఆ పిల్ల దగ్గరే ఉంది. ఆ పిల్లకే ఇప్పుడు యాభై దాటాయి. చుక్క ఊడలేదు.

ఇప్పుడు ఫోనులో తీసిన మరుక్షణం బొమ్మ చూసుకుంటున్నారు. బాగోకపోతే చెరిపేసి ఇంకోటి తీస్తున్నారు, మంచిదే. మాకు మా తప్పు తెలియడానికి రోజులు పట్టేది. ఈలోగా అది వెళ్ళి ఏ పాపం ఎరగనివాళ్ళ నెత్తిన కూర్చునేది. కానీ ఆ తప్పుని వెనక్కి నడిచి వెతుక్కోవడానికి చేతిలో ఒక నెగటివ్ చుట్ట ఉండేది, దాన్ని వెలుతురుకి పట్టుకుంటే, మనం ఎక్కడ ఏమరుపాటుగా ఉన్నామో బొమ్మ బొమ్మకీ రాసి ఉండేది. చెరిపేసిన బొమ్మల్లో అది దొరకదు. నర్సు అత్త లేదు, అమ్మ లేదు, బావ లేడు. ఆడవాళ్ళిద్దరూ కలిసి నవ్విన ఆ సాయంత్రం మాత్రం చుక్క లేకుండా మా గోడ మీద ఉంది.

నిన్న నేనొక్కణ్ణే మళ్ళీ పండరీ వెళ్ళాను. అల్మారా అడుగున పడి ఉన్న ఒక పాత ఫిల్ము డబ్బా మూతని, లెన్సుకి బిగువుగా పట్టేలా లోపల గుడ్డ అంటించి, జేబులో వేసుకుని వెళ్ళాను. మేనేజరు నన్ను గుర్తుపట్టి, ఈసారి నవ్వకుండా, కెమెరా తీసి చేతికిచ్చాడు. బిళ్ళ తిరగలేదు, బిగుసుకుపోయింది. తెర సంగతి చూడటానికి భయమేసింది, చూడలేదు. కిటికీలో మాత్రం కన్ను పెట్టాను. దుమ్ము. పసుపు గుండ్రం వెలిసిపోయింది. అందులో పట్టుచీర బొమ్మ రెండుగా కనిపించింది. వలయాన్ని మెల్లగా తిప్పాను. ఇన్నేళ్ళ తర్వాత, ఆ పలచటి బొమ్మ కదిలింది, వచ్చింది, వచ్చింది, కలిసింది. మేనేజరుని పిలిచి అతనికి కూడా చూపించాను. అతను చాలాసేపు కన్ను తీయలేదు. ఆ తర్వాత నేను తెచ్చిన మూత లెన్సుకి పెట్టి, మళ్ళీ అద్దాల వెనక ఉంచింది కూడా అతనే.